మూడడుగుల తొట్టికి ‘ఆఫ్రికన్ మిక్స్’ కొనొచ్చా? కర్నూలు, అనంతపురం, కడప షాపుల్లో దొరికే సిక్లిడ్ల సమీక్ష

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏ రంగుచేపల షాపుకి పోయినా గోల్డ్‌ఫిష్, గప్పీ, మోలీల తర్వాత కళ్లు లాగే తొట్టి ‘ఆఫ్రికన్ సిక్లిడ్ మిక్స్’ది. పసుపువి, నీలంవి, నారింజవి, చారలవి, మచ్చలవి, అన్నీ రెండంగుళాల పిల్లలు, ఒకే నీళ్లలో కలిపి పెట్టి ఉంటారు. పేర్లు రాసి ఉండవు. జత ఇంత అని ఒకటే ధర. మూడడుగుల తొట్టి కొన్నవాళ్లకి షాపాయన అందులోంచే పదో పన్నెండో పట్టి కవర్లో వేసి ఇచ్చేస్తాడు.

తీర్పు ముందే చెప్పేస్తున్నాం. మిక్స్‌ని మిక్స్‌గా కొంటే అయిదుకి ఒకటి. అదే తొట్టి ముందు పావుగంట నిలబడి, పేరు తెలుసుకొని, ఒకటి రెండు జాతులు మాత్రమే ఏరుకుంటే అయిదుకి నాలుగు. మన వైపు నీళ్లకి, మన రాళ్లకి ఇంత చక్కగా సరిపోయే రంగుచేప ఇంకొకటి లేదు. అందుకే ఇక్కడ ఈ చేపలు ఆరు నెలల్లో కొట్టుకొని చచ్చిపోతుంటే చూడ్డానికి బాధగా ఉంటుంది.

నిజానికి ఆఫ్రికన్ సిక్లిడ్ మనకి తెలియని చేపేమీ కాదు. చెరువుల్లో పడే జిలేబి చేప, అంటే తిలాపియా, ఆ కుటుంబానిదే. 1952లో మన దేశానికి తెచ్చారు. గుడ్లని, పిల్లల్ని నోట్లో దాచి కాచే ఆడచేప, ఇసుకలో గుంట తవ్వి దాని చుట్టుపక్కలకి ఇంకో మగచేపని రానివ్వని మగచేప, రెండూ జిలేబిలో చూసినవే ఇక్కడా కనబడతాయి. షాపుల్లో ‘ఆఫ్రికన్’ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం మలావి సరస్సు జాతులు. మలావి, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య 700 మీటర్ల పైచిలుకు లోతున్న మంచినీటి సరస్సు అది. అక్కడ రాళ్లగుట్టల సందుల్లో బతుకుతూ రాతిమీది పాచి గీక్కొని తినే చేపల్ని ఎంబూనా అంటారు. నడిమధ్య నీళ్లలో తిరుగుతూ చిన్నచేపల్ని మింగేవి వేరు, ఇసుక జల్లించి పురుగులు ఏరుకొనేవి వేరు. మిక్స్ తొట్టిలో ఈ మూడు రకాలూ కలిసే ఉంటాయి. గొడవకి మొదలు అక్కడే.

మిక్స్‌లో ఉండే చేపలు, పెరిగాక వాటి తీరు

లెక్క అంతా 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు తొట్టికి చెబుతున్నాం. అంచు దాకా నింపితే 159 లీటర్లు. ఇసుక, రాళ్లు పోను, పైన రెండంగుళాలు వదిలితే నికరంగా ఉండేది 120, 130 లీటర్లు. 12 అంగుళాల వెడల్పు తొట్టి అయితే ఈ సమీక్షలో మంచివని చెప్పిన చేపలకి కూడా ఇరుకే. సిక్లిడ్లకి ఎత్తు కంటే నేల ముఖ్యం, కొత్తగా చేయించుకొనేవాళ్లు ఎత్తు తగ్గించి వెడల్పు 18 పెట్టించుకోవడం మేలు.

ఎలక్ట్రిక్ ఎల్లో, షాపుల్లో ‘ఎల్లో ల్యాబ్’ అనేది, ఈ తొట్టికి మొదటి ఎంపిక. శాస్త్రీయ నామం లాబిడోక్రోమిస్ సెరూలియస్. నాలుగంగుళాల దగ్గర ఆగుతుంది, ఎంబూనాల్లో సాధువు. దీన్ని కొనేటప్పుడు దగ్గరికి పోయి వీపు రెక్క చూడాలి. అసలైన దానికి నిమ్మపండు పసుపు ఒంటి మీద, వీపు రెక్క పొడవునా నల్లటి పట్టీ తెంపు లేకుండా పోతుంది, కడుపు కింది రెక్కల్లోనూ నలుపు ఉంటుంది. రంగు పసుపు నుంచి నారింజ వైపు మొగ్గితే, ఒంటి మీద నిలువు చారలు నీడలా కనిపిస్తే, మూతి మొద్దుగా ఉంటే, అది రెడ్ జీబ్రాతో కలిసి పుట్టిన సంకరం. రెండూ ఒకే తొట్టిలో ఉంటే తేలిగ్గా కలుస్తాయి, మిక్స్ తొట్టెల్లో ఈ సంకరాలు ఎక్కువగా కనబడడానికి కారణం అదే. సంకరమైతే కోపం జీబ్రాది వస్తుంది, పసుపు చూసి సాధువనుకొని తెచ్చుకుంటే దెబ్బ తింటాం.

సాలోసి (ఇప్పుడు చిండోంగో సాలోసి అంటున్నారు) దొరికితే వదలొద్దు. మూడు, మూడున్నర అంగుళాలే పెరుగుతుంది. పిల్లలు, ఆడవి పసుపు. మగది ఎదిగేకొద్దీ నీలంగా మారి నల్లటి నిలువు చారలు తెచ్చుకుంటుంది. ఒక్క జాతితోనే తొట్టిలో రెండు రంగులు వస్తాయి. మలావిలో ఒక్క చిన్న రాతి దిబ్బ దగ్గరే పుట్టిన చేప ఇది, అక్కడ దాని సంఖ్య బాగా పడిపోయింది. కాబట్టి ఇంట్లో పెంచేవాళ్లు దీన్ని ఇంకో జాతితో కలపకుండా శుద్ధంగా ఉంచడం మంచి పని.

స్నో వైట్ పేరుతో అమ్మే తెల్ల సోకొలోఫీ, ఊదారంగు రస్టీ, రెండూ పరవాలేదు. రస్టీ మరీ నెమ్మది చేప, ల్యాబ్‌కి మంచి జోడీ. కాకపోతే రంగు ముదురుగా, మబ్బుగా ఉంటుందని షాపులవాళ్లు తెప్పించరు, అడిగి తెప్పించుకోవాలి.

డెమసోనీ చూస్తే ఎవరికైనా కొనబుద్ధవుతుంది. నీలం మీద నల్లచారలు, మూడంగుళాల చేప, ఆడా మగా ఒకే రంగు. కానీ తన జాతిదాన్నే వేటాడుతుంది. నాలుగు కొంటే నెలల్లో ఒకటి మిగులుతుంది. ఈ జాతి బతికే దారి ఒకటే, పన్నెండుకి తగ్గకుండా ఒకేసారి వేయడం. అప్పుడు బలమున్నదాని కోపం అందరి మీదికీ పంచబడి ఎవరికీ ప్రాణం మీదికి రాదు. మూడడుగుల తొట్టిలో డెమసోనీ వేస్తే ఇంక వేరే జాతి పెట్టుకోకూడదు, ఫిల్టర్ కూడా గట్టిది ఉండాలి. మొదటిసారి పెంచేవాళ్లకి మా సలహా, దీని జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు దొంగలు. ఆరాటస్: పిల్లగా ఉన్నప్పుడు బంగారు ఒంటి మీద నల్ల అడ్డచారలతో మిక్స్ మొత్తంలో అందమైనది అదే, అందుకే అందరూ ‘ఇది తప్పకుండా వేయండన్నా’ అని అడిగి తీసుకుంటారు. మగది పెద్దదయ్యాక రంగు తిరగబడి నల్లబడుతుంది, ఆ రోజు నుంచి తొట్టి దానిదే. మూడడుగుల్లో మిగతా చేపలకి దాని నుంచి తప్పించుకొనే చోటు ఉండదు. కెన్యీ కూడా అంతే. దీంట్లో పిల్లలు, ఆడవి నీలం, మగది పసుపు. పసుపుగా మారుతున్న కెన్యీని ల్యాబ్ అనుకొని ఇంకో జత తెచ్చి కలిపేవాళ్లుంటారు, కాబట్టి నీలంగా కొన్న చేప పసుపవుతుంటే వెంటనే గుర్తుపట్టి తీసేయాలి. ఈ రెండు జాతుల్నీ నాలుగడుగుల లోపు తొట్టికి అమ్మడమే తప్పు అని మా అభిప్రాయం.

వీనస్టస్, లివింగ్‌స్టోని అనే మచ్చల చేపలు రెండంగుళాల్లో బుద్ధిగా ఉంటాయి. తొమ్మిది, పదంగుళాలు పెరుగుతాయి, వేటచేపలు. లివింగ్‌స్టోని అయితే సరస్సులో నేలమీద చచ్చినట్టు పడుకొని దగ్గరికొచ్చిన చిన్నచేపని పట్టేస్తుంది. బ్లూ డాల్ఫిన్ ఎనిమిదంగుళాలు. ఫ్రంటోసా అసలు మలావిదే కాదు, టాంగన్యీకా సరస్సుది, అడుగు దాకా పెరుగుతుంది. ఇవన్నీ అయిదారడుగుల తొట్టి చేపలు. పీకాక్‌లు అందమైనవే, కానీ ఇసుక మీద మెల్లగా తిరిగే చేపలు, ఎంబూనాల మధ్య వేస్తే బెదిరి రంగు దాచేసుకుంటాయి. ఓబీ పీకాక్, డ్రాగన్ బ్లడ్ అనేవి మనుషులు సంకరం చేసి తీసినవి, సరస్సులో లేవు. ఇక ఫ్లవర్‌హార్న్, ప్యారెట్, ఆస్కార్‌లని కూడా ఇదే వరసలో చూపిస్తారు. వాటి మూలం అమెరికా ఖండాలు, ఈ లెక్కలోకే రావు.

ఇంకో మాట రంగు గురించి. రెండంగుళాల పిల్ల పీకాక్‌లు అన్నీ, ఒక్కటీ తప్పకుండా, మెరిసే నీలం ఎరుపుల్లో ఉంటే అనుమానించాలి. ఆ వయసులో వాటి సహజ రంగు బూడిద. హార్మోన్ కలిపిన మేతతో ముందే రంగు తెప్పిస్తారు, మీ ఇంటికొచ్చాక కొన్ని వారాల్లో అది దిగిపోతుంది. ఆడవి కూడా రంగులో ఉండటం దీనికి గట్టి గుర్తు.

ఎన్ని, ఎలా ఏరుకోవాలి

ఈ తొట్టికి మూడు పద్ధతులు పనిచేస్తాయి. ఒకటి, ల్యాబ్‌లు మాత్రమే: పది పన్నెండు పిల్లలు తెచ్చి, పెద్దయ్యాక రెండు మగ, ఆరేడు ఆడ ఉంచుకోవడం. రెండోది, ల్యాబ్ ఆరు, రస్టీ గానీ స్నో వైట్ గానీ ఆరు, చివరికి ఒక్కో జాతిలో ఒక మగకి మూడు నాలుగు ఆడ. మూడోది, సాలోసి పన్నెండు, చివరికి రెండు మూడు మగ, మిగతా ఆడ. మాకు బాగా నచ్చేది మూడోదే.

‘జత’ లెక్కన కొనడం ఈ చేపలకి పనికిరాదు. ఒక మగ, ఒక ఆడ ఉంచితే మగది ఆ ఒక్క ఆడదాన్నే రోజంతా తరిమి చంపేస్తుంది. రెండంగుళాల్లో మగా ఆడా తేల్చడం కష్టం, తోక కింది రెక్క మీద గుడ్డు మచ్చలు ఉన్నవన్నీ మగవని షాపాయన అంటాడు గానీ ఆడవాటికి కూడా ఆ మచ్చలు వస్తాయి. అందుకే ఎక్కువ పిల్లలు తెచ్చి, ఆరేడు నెలలకి తేలాక, మిగులు మగవాటిని తీసేయడమే నమ్మకమైన దారి. కొనకముందే అడగాలి: ‘అన్నా, మగవి ఎక్కువైతే వాపసు తీసుకొని వేరేవి ఇస్తారా?’ అని. ఒప్పుకున్న షాపు పావు వంతు ధర ఎక్కువ చెప్పినా అక్కడే కొనండి. మేం ఏ షాపుకైనా మార్కులు వేసేది ముందు ఈ ఒక్క ప్రశ్నకే.

పన్నెండూ ఒకేరోజు, ఒకే సైజువి వేయాలి. ఈ వారం నాలుగు, వచ్చే నెల నాలుగు అని తెస్తే, ముందొచ్చినవి రాళ్లని పంచేసుకొని ఉంటాయి, కొత్తవాటిని బతకనివ్వవు. ఎప్పుడైనా ఒకటి రెండు కలపాల్సి వస్తే, లైటు తీసేసి, రాళ్లన్నీ కదిలించి వేరే తీరులో పేర్చి, అప్పుడు వదలాలి.

షాపులో చూడాల్సినవి ఇంకా కొన్ని. మన ఊళ్లకి సరుకు ఎక్కువగా చెన్నై కొళత్తూరు, బెంగళూరు, హైదరాబాదు నుంచి ఆక్సిజన్ ప్యాకింగ్‌లో, థర్మోకోల్ పెట్టెల్లో వస్తుంది. దిగిన రోజు కొనొద్దు. వారం ఆగితే చచ్చేవి షాపులోనే చస్తాయి. ‘కాస్త మేత వేయండన్నా’ అని అడిగి, ఎగబడి తినేవాటినే చూపించి పట్టించుకోవాలి. మేత నోట్లోకి తీసుకొని ఉమ్మేసేది, తెల్లటి దారంలా రెట్ట వేలాడేది, ఒక మూల పైన నీళ్ల అంచున నిలబడి దవడలు గబగబ ఆడించేది, పొట్ట లోపలికి పోయినది వద్దు. వాటిలో ఒక్కటి ఉన్నా ఆ తొట్టిలోంచే కొనకపోవడం మంచిది.

నీళ్లు, రాళ్లు: మన వైపు కలిసొచ్చేది

పెద్ద ఊళ్లలో ఆర్వో నీళ్లకి మలావి బఫర్ (నీళ్లని సరస్సు నీళ్లలా మార్చే ఉప్పుల పొడి) డబ్బాలు కొని కలుపుకుంటుంటారు. మన దగ్గర ఆ ఖర్చు లేదు. మలావి నీళ్ల పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె, 7 అంటే రెండూ కాదు) 7.7 నుంచి 8.6 మధ్య ఉంటుంది. అనంతపురం బోరు నీళ్లకి కుళాయి మూతుల మీద, బక్కెట్ అంచుల మీద కట్టే తెల్లటి పక్కు చూస్తేనే తెలుస్తుంది, గట్టి నీళ్లు, అంటే సున్నం ఎక్కువున్నవి అని. అవి సరస్సు నీళ్ల కంటే కూడా గట్టివి, అయినా తరతరాలుగా మన దేశంలో తొట్టెల్లోనే పుట్టిన చేపలకి అది ఇబ్బంది పెట్టదు. చూసుకోవాల్సింది వేరే ఉంది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం, లీటరుకి మిల్లీగ్రాముల్లో) 1500 దాటితే సగం ఆర్వో నీళ్లు కలపాలి. పొలాల పక్క బోరైతే, ఎరువుల నుంచి, చేపల మురికి నుంచి నీళ్లలో చేరే నైట్రేట్‌ని కిట్‌తో ఒకసారి పరీక్షించాలి. బోరులోనే లీటరుకి 40 మిల్లీగ్రాములు ఉంటే నీళ్లు ఎన్నిసార్లు మార్చినా తొట్టిలో తగ్గదు. కర్నూలులో తుంగభద్ర కుళాయి నీళ్లు అంత గట్టివి కావు, అవి వాడేవాళ్లకి రాళ్లు సాయం చేస్తాయి. మునిసిపల్ నీళ్లలో బ్లీచింగ్ వాసన ఉంటే ఒక రోజంతా డ్రమ్ములో పోసి గాలిరాయి ఆడించాలి. అంత టైం లేకపోతే క్లోరిన్ విరిచే మందు సీకెమ్ ప్రైమ్ 200 లీటర్లకి 5 మిల్లీలీటర్లు.

ఇక రాళ్లు. షాపులో అమ్మే రంగు గులకరాళ్లు, ప్లాస్టిక్ కోటలు, నోరు తెరిచే మొసలి బొమ్మలు, వీటికి సున్నా మార్కులు. కడప బండ, బేతంచర్ల నాపరాయి రెండూ సున్నపురాయి జాతివే. తాడిపత్రి, యర్రగుంట్ల, బేతంచర్ల పాలిషింగ్ యూనిట్ల బయట ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. అరచేయంత నుంచి అడుగు దాకా ముక్కలు ఏరుకొని, ఒకదానిమీద ఒకటి సందులు వదిలి పేరిస్తే ఎంబూనాలకి అచ్చం అవి పుట్టిన చోటులాంటి గుట్ట తయారవుతుంది. నల్ల కడప బండ ముందు పసుపు ల్యాబ్ రంగు ఎంత లేస్తుందో చూసి తీరాలి. పాలిష్ చేసిన ముఖం ఉన్న ముక్కలు వద్దు, మైనం, నూనె ఉండొచ్చు. రాతిలో బంగారంలా మెరిసే చుక్కలు, తుప్పు మరకలు ఉంటే అదీ వద్దు. కోసిన అంచులు కత్తిలా ఉంటాయి, ఒకదాంతో ఒకటి రుద్ది మొద్దు చేయాలి, లేకపోతే తరుముకొనేటప్పుడు చేపలు ఒరుసుకొని పొలుసులు పోగొట్టుకుంటాయి. సున్నపురాయి కదా, పీహెచ్ అలా పెంచుకుంటూ పోతుందేమో అని భయపడక్కర్లేదు. నీళ్లు ఎనిమిదికి పైకి చేరాక రాయి కరగడం దాదాపు ఆగిపోతుంది.

పేర్చే క్రమం తప్పితే తొట్టి పగులుతుంది. ముందు గాజు మీద పలచటి థర్మోకోల్ షీటు లేదా ప్లాస్టిక్ జాలీ, దానిమీద పెద్ద బండలు, ఆ తర్వాతే ఇసుక. ఇసుక పోసి దానిమీద రాళ్లు పెడితే, ఈ చేపలు తవ్వడమే పనిగా పెట్టుకొని అడుగున గుల్ల చేస్తాయి, గుట్ట జారి అద్దానికి కొట్టుకుంటుంది. పైవరస రాళ్లని అక్వేరియం సిలికాన్‌తో అతికించుకుంటే నిశ్చింత. ఇసుక ఒకటి, ఒకటిన్నర అంగుళం చాలు. పెన్నా ఇసుకైనా తుంగభద్ర ఇసుకైనా జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వాడొచ్చు. ఎమ్ శాండ్ వద్దు, గింజ అంచులు పదునుగా ఉంటాయి, నోటితో ఇసుక జల్లించే చేపకి అది మంచిది కాదు.

బరువు లెక్క మరవొద్దు. నీళ్లు, 30 కిలోల రాళ్లు, ఇసుక, అద్దం అన్నీ కలిపితే రెండు వందల కిలోలు దాటుతుంది. మన ఇళ్లలో గోడలోంచి బయటికొచ్చిన కడప బండ అల్మారా అర ఉంటుంది చూడండి, చాలామంది తొట్టిని దానిమీదే పెట్టేస్తారు. కింద ఆనింపు లేని బండ ఆ బరువు మోయలేదు, ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. ఇనుప స్టాండే చేయించుకోవాలి. అద్దం 8 మిల్లీమీటర్లది, పైన పట్టీలు వేసినది అడగండి.

ఫిల్టర్, అమ్మోనియా

తొట్టితో పాటు ఉచితంగా ఇచ్చే చిన్న ఇంటర్నల్ ఫిల్టర్ ఈ చేపలకి చాలదు. వేటాడకుండా ఉండటానికి మనం కావాలని చేపల్ని కాస్త ఎక్కువగానే ఉంచుతున్నాం, కాబట్టి మురికి కూడా ఎక్కువే. గంటకి 1200 నుంచి 1500 లీటర్ల క్యానిస్టర్ (తొట్టి బయట పెట్టే డబ్బా ఫిల్టర్), లేదా వెనక తగిలించే ఫిల్టర్ ఒకటి, దానికి తోడు గాలితో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒకటి. పెట్టె మీద రాసిన అంకె ఖాళీ పంపుది, లోపల స్పాంజి, సిరామిక్ నింపాక అంత రాదు. పీల్చే గొట్టం ఇసుకకి నాలుగంగుళాలు పైన ఉండాలి, లేకపోతే తవ్విన ఇసుక ఇంపెల్లర్‌లోకి, అంటే పంపు లోపల తిరిగే రెక్కల్లోకి పోయి అరగదీస్తుంది.

గట్టి నీళ్ల వల్ల ఒక ప్రమాదం ఉంది, షాపుల్లో ఎవరూ చెప్పరు. నీళ్లలోని అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌తో పెరుగుతుంది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. 8.2 దగ్గర నూటికి పది. గోల్డ్‌ఫిష్ తొట్టిలో ఏమీ కానంత అమ్మోనియా ఇక్కడ ప్రాణం తీస్తుంది. కాబట్టి తొట్టి పెట్టిన మర్నాడే చేపలు వేయమనే షాపు మాట వినొద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీ తొట్టిలో ఫిల్టర్ ఆడిస్తూ, రోజూ చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియాని, దాన్నుంచి వచ్చే నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్లో పెరిగి, ఆ రెండూ సున్నాకి వచ్చి నైట్రేట్ కనబడేదాకా ఆగాలి. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉన్నవాళ్లెవరైనా పాత ఫిల్టర్ స్పాంజి ఇస్తే ఈ గడువు బాగా తగ్గుతుంది. తర్వాత వారానికి 40, 50 లీటర్లు మార్చాలి, నైట్రేట్ 40 దాటనివ్వొద్దు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి మంచి బ్యాక్టీరియా పోతుంది.

ఇదే లెక్క కవర్‌లో తెచ్చే చేపలకీ వర్తిస్తుంది. ఊళ్లోనే షాపు నుంచి అరగంటలో తెస్తే కవరు పావుగంట తొట్టిలో తేలేసి, కొంచెం కొంచెం నీళ్లు కలుపుకుంటూ వదలొచ్చు. చెన్నై నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన పెట్టె అయితే తీరు మారుతుంది. మూసిన కవర్లో చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని దించి ఉంచుతుంది, అందుకే పోగైన అమ్మోనియా ఏమీ చేయదు. మూతి విప్పి గంటసేపు చుక్కచుక్కగా మన గట్టి నీళ్లు కలిపితే పీహెచ్ లేచి ఆ కవర్లోనే విషమవుతుంది. మూత విప్పకుండా వేడి సమానం చేసి, విప్పిన వెంటనే వలతో తీసి తొట్టిలో వేయాలి. కవరు నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ తొట్టిలో పోయకూడదు.

మేత, పొట్ట ఉబ్బు

పాచి తినే ఎంబూనాల పేగు పొడుగ్గా ఉంటుంది. ట్యూబిఫెక్స్ వానపాములు, కోడి గుండె, మాంసం తురుము పెడితే అరగక పొట్ట ఉబ్బు వస్తుంది, దాన్ని మలావి బ్లోట్ అంటారు. మిక్స్‌లో వేటచేపలు కలిసి ఉంటే ఎవరికి తగిన మేత వేయాలో తేలదు, మిక్స్‌ని మేం వద్దనడానికి ఇది రెండో కారణం. స్పిరులినా ఎక్కువున్న చిన్న గుళికలు రోజుకి రెండుసార్లు, ముప్పై సెకన్లలో అయిపోయేంత. హికారీ సిక్లిడ్ ఎక్సెల్ ఈ పనికి సరిపోతుంది. వారానికి ఒక పూట వేడినీళ్లలో ముంచిన పాలకూర, కీరదోస ముక్క, ఒకరోజు పస్తు.

ఉబ్బు మొదట్లోనే పట్టుకోవాలి. తిండి దగ్గరికి వచ్చి ఉమ్మేయడం, తెల్లటి రెట్ట, ఆ తర్వాత ఉబ్బు, వేగంగా ఊపిరి. ఉబ్బు కనబడేదాకా ఆగితే చేప చాలావరకు దక్కదు. మొదటి రెండు గుర్తులకే మేత ఆపి, మూడో వంతు నీళ్లు మార్చి, మందుల షాపులో దొరికే మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర నూరి 60 లీటర్లకి ఒకటి చొప్పున వేయాలి. రోజు విడిచి రోజు, ప్రతిసారీ పావు వంతు నీళ్లు మార్చి, మూడు మోతాదులు. ఫిల్టర్లో బొగ్గు ఉంటే ముందే తీసేయాలి.

ఎండాకాలం

ఏప్రిల్, మేలలో బయట 40 దాటితే మేడ మీది గదిలో తొట్టి నీళ్లు 32, 33కి పోతాయి. చేపలు వేడి కంటే ఆక్సిజన్ తగ్గడానికి చస్తాయి, అదీ ఎక్కువగా తెల్లవారుజామున, కరెంటు పోయినప్పుడు. బ్యాటరీ గాలి పంపు ఈ మూడు జిల్లాల్లో ఎవరికైనా తప్పనిసరి, కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యేది కొనాలి. మూత తీసేసి జాలీ వేసి, నీళ్ల మీదికి చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మన పొడి గాలికి ఈ పద్ధతి కోస్తాలో కంటే బాగా పనిచేస్తుంది. దానికి తగ్గట్టే నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. కాబట్టి తగ్గిన మేరకు నింపడానికి ఆర్వో నీళ్లు, వారం మార్పుకి మామూలు నీళ్లు. రెంటికీ బోరు నీళ్లే వాడితే జూన్ వచ్చేసరికి టీడీఎస్ తొట్టిలో రెట్టింపయినా ఆశ్చర్యం లేదు. వేడి రోజుల్లో మేత సగం చేయండి. చలికాలం రాత్రులకి 150 వాట్ల హీటర్ 25 మీద పెడితే చాలు, ఒక్కో ఇంట్లో అది కూడా అక్కర్లేదు.

మూడడుగులకి చోటు లేనివాళ్లకి ఇంకో మంచి చేప ఉంది. టాంగన్యీకా సరస్సు మల్టీఫాసియాటస్, రెండంగుళాలు కూడా దాటదు, ఖాళీ నత్తగుల్లల్లో కాపురం ఉంటుంది. రెండడుగుల తొట్టిలో ఆరు చేపలు, ఇరవై గుల్లలు, రెండంగుళాల ఇసుక. మన పొలం గట్ల మీద దొరికే నత్తగుల్లల్ని ఉడకబెట్టి, లోపల ఏమీ మిగలకుండా కడిగి వాడుకోవచ్చు. దీని పిల్లలు తల్లిదండ్రుల మధ్యే పెరుగుతాయి, చూడ్డానికి ఎంబూనాల కంటే కూడా బాగుంటుంది. షాపులో ఉండదు, చెప్పి తెప్పించుకోవాలి.

ల్యాబ్, సాలోసి ఏడాది లోపే గుడ్లు పెడతాయి. గడ్డం కింద సంచిలా ఉబ్బి, మేతకి రాకుండా రాళ్ల చాటున ఉండే ఆడచేప నోట్లో గుడ్లున్నట్టు. మూడు వారాల పైన అలా ఉంటుంది. పదిహేను రోజులు దాటాక నెమ్మదిగా పట్టి, గుట్టగా రాళ్లున్న చిన్న తొట్టిలోకి మార్చి, పిల్లల్ని వదిలాక రెండు మూడు రోజులు మేత పెట్టి బలం పట్టనిచ్చి తిరిగి వేయాలి. అంగుళం దాటిన శుద్ధ జాతి పిల్లల్ని, పేరు రాసి ఇస్తే, చాలా షాపులు మేతకి బదులుగా తీసుకుంటాయి. మిగులు మగవాటినైనా, పిల్లల్నైనా కేసీ కాలువలోనో, చెరువులోనో వదలకూడదు. జిలేబి అలా వచ్చి చేరాకే ఎన్నో చెరువుల్లో నాటు చేపలు తగ్గాయి. షాపు తీసుకోకపోతే చేపలు పెంచే ఇంకొకరికి ఊరికే ఇచ్చేయండి.